నిమిత్తం రాయని కాగితం

ఆ ఆలుమొగుళ్లు నా బల్ల దగ్గరికి వచ్చింది ఒక ఎండాకాలం పొద్దున. సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదుట వేపచెట్టు కింద నా బల్ల ఉండేది. ఎకరా ఎనభై సెంట్ల మెట్ట అమ్ముతున్నారు. కొనేవాడు కూడా వెంటే ఉన్నాడు. పేర్లు, సర్వే నంబరు, చెక్కుబందీ రాసుకున్నాక అందరినీ అడిగే మాటే ఆయన్నీ అడిగాను: "ఏం నిమిత్తమని రాయాలప్పా?"

ఆయన తల వంచుకున్నాడు. "అందరికీ రాసేదే రాయి సామీ. కుటుంబ అవసరాలని రాయి" అన్నాడు.

అంతవరకు వెనక నిలబడి ఉన్న ఆమె ముందుకు వచ్చింది. "అట్ల రాయొద్దు సామీ. నాలుగు బోర్లు ఏసినాం, నీళ్లు పడలా. ఆ అప్పుకే అమ్ముతాండాం. ఉండేదుండట్లు రాయండి. రేపు పిల్లోళ్లు పెద్దయి, మా నాయన తాగి పోగొట్న్యాడు అనుకోగూడదు."

ఆమె చెప్పినట్టే రాశాను. 'మాకు సంక్రమించిన దిగువ షెడ్యూలు భూమిలో వేయించిన నాలుగు బోర్లు ఎండిపోగా, తన్నిమిత్తం చేసిన అప్పులు తీర్చుకొనుటకు గాను' అని మొదలుపెట్టి ముగించాను. ఆమె వేలిముద్ర వేస్తుంటే చేయి వణకలేదు.

కడప జిల్లాలో దస్తావేజులు రాస్తూ నలభై ఏండ్లు బతికినవాణ్ణి. మా నాయన కుందేటి గట్టు ఊరిలో కరణం. 1984లో ప్రభుత్వం కరణీకాలు, మునసబీలు రద్దు చేసిన దినం ఆయన లెక్కల కట్టలన్నీ అప్పజెప్పి ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి చెప్పిన మాట ఒకటే: "కాగితంలో ఎవరు, ఎవరికి, ఎంత అనేవి ఉంటే చాలదు. ఎందుకు అనేది ఉండాల. నిమిత్తం రాయని కాగితం నిలబడదు." అప్పుడు దాన్ని ఉద్యోగం పోయిన ముసలాయన మాటగానే విన్నాను. ఆ మాటకు మా కర్నూలు, కడప సీమలో రెండు వేల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉందని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఇప్పుడు ఏ ఆఫీసుకు పోయినా ఆ గడికి పేరు 'పర్పస్'. బ్యాంకులో లోను పర్పస్, తాసిల్దారు దగ్గర ఆదాయ సర్టిఫికెట్టుకు పర్పస్, లాడ్జీలో గది తీసుకుంటే 'పర్పస్ ఆఫ్ విజిట్'. పల్లెల్లో కూడా "ఏం పర్పస్ మీద వచ్చినారు సార్" అంటారు. కావాలని చేసిన పనిని "పర్పస్‌గా చేసినాడు" అంటారు. ఇంగ్లీషు మాట మన నోట్లో ఇట్లా నాటుకుపోయింది. పాత ఫ్రెంచి భాషలో దానికి మూలార్థం ముందుకు పెట్టడం. అంటే ఎదుట పెట్టుకున్న గురి. ఆ మాట చూపు ఎప్పుడూ ముందుకే.

మన మాటలు అట్లా కాదు. వాటిలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క చూపు. "యా పనిమింద వచ్చినావబ్బీ?" అని అడిగితే చేతిలోని పని గురించి అడిగినట్టు. "బిడ్డ కోసరం" అంటే అందులో మనిషి ఉంటుంది, ప్రేమ ఉంటుంది. మా సీమలో ఇప్పటికీ నోటినిండా 'కోసరం' అనే అంటాం. 'నిమిత్తం' అనేది వెనక్కీ చూస్తుంది, ముందుకీ చూస్తుంది. అప్పు నిమిత్తం అమ్మినాడంటే వెనకనున్న కారణం. పెండ్లి నిమిత్తం అమ్మినాడంటే ముందున్న కార్యం. రెంటికీ ఒకటే మాట సరిపోతుంది. 'ప్రయోజనం' ఇంకా బరువైనది. అనుకున్న గురీ అదే, దక్కిన మేలూ అదే. మేలు దక్కకపోతే నిష్ప్రయోజనం అని కొట్టిపారేస్తాం. ఇక 'అర్థం'. మాటకు అర్థం ఉంటుంది, పనికీ అర్థం ఉంటుంది. దేవుడి దర్శనార్థం పోతాం. గుడిలో ఫ్యాను రెక్క మీద, బస్టాండులో సిమెంటు బల్ల మీద ఎవరిదో పేరు పక్కన 'జ్ఞాపకార్థం' అని ఉంటుంది.

ఆ 'అర్థం' అనే మాట మా నేల మీద ఎంత పాతదో ఎర్రగుడికి పోయి చూడాలి. కర్నూలు జిల్లా పత్తికొండ దాపున, గుత్తికి పోయే దారిలో బండల మీద అశోకుడు రాయించిన శాసనాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానివి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని బయటికి తెచ్చాడు. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చాలు చివర మడక తిప్పినట్టు రాత తిరుగుతుంది. చేను దున్నడం ఎరిగిన కన్ను దాన్ని చూడగానే పోల్చుకుంటుంది.

నన్ను నిలబెట్టింది పెద్ద శాసనాల్లోని ఆరవది. చెప్పవలసిన ధర్మమంతా చెప్పాక రాజు ఈ రాత ఎందుకు చెక్కించాడో కూడా చెబుతాడు. ఇది చాలాకాలం నిలవాలని, తన కొడుకులు, మనుమలు, మునిమనుమలు లోకహితం కోసం దీని ప్రకారం నడవాలని. అక్కడ వాడిన ప్రాకృతపు మాట సంస్కృతంలోని 'అర్థ'మే. అంత పెద్ద చక్రవర్తి కూడా తన రాతకు నిమిత్తం చెప్పుకోవలసిన పని ఉందనుకున్నాడు. నేను రాసిన దస్తావేజుల చివర 'పుత్ర పౌత్ర పారంపర్యంగా' అని రాసేటప్పుడల్లా ఆ బండ కళ్ల ముందుకు వచ్చేది.

తెలుగులో రాసిన శాసనాల్లో అన్నిటికన్నా పాతవి కూడా మా కడప జిల్లావే. రేనాటి చోళులు 6వ శతాబ్దంలో వేయించిన కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు. ఆ తర్వాత వందల ఏండ్లు ఈ సీమలో రాళ్ల మీద పడ్డ రాతల్లో ఎక్కువ భాగం భూమి ఇచ్చిన రాతలే. విజయనగర కాలానికి వచ్చేసరికి ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: 'పుణ్యంగాను'. తల్లిదండ్రులకు పుణ్యంగాను, రాయలవారికి పుణ్యంగాను ఇంత భూమి ఫలానా దేవుడికి, ఫలానా చెరువుకు ఇచ్చాం అని. మా దస్తావేజుల్లోని 'తీర్చుకొనుటకు గాను' అందులోంచి దిగివచ్చిన 'గాను'యే.

బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ల చెరువు ఉంది. దానికి అనంతరాజసాగరం అని పేరు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి ఏలుతూ కట్టించాడు. శక సంవత్సరం 1291, అంటే 1369లో వేసిన సంస్కృత శాసనం ఆ చెరువు కథ చెబుతుంది. దినానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు అందులో వరుసగా ఉన్నాయి. ధర్మబుద్ధి గల రాజు, నీటి శాస్త్రం ఎరిగినవాడు, గట్టి నేల, తీయటి నీళ్ల ఏరు, దగ్గరలో రాళ్ల గని, పనితెలిసిన మనుషులు, ఇట్లా. ఆ తర్వాత ఆరు దోషాలు. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట. కడపటి రెండూ నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తాయి. నీళ్లు తక్కువ, పారే నేల ఎక్కువ అయితే దోషం. నీళ్లు ఎక్కువ, నేల తక్కువ అయినా దోషమే. చెరువు కట్టగానే సరిపోదు, దేని కోసరం కట్టామో ఆ లెక్కకు సరితూగాలి అన్నమాట. ఆరున్నర శతాబ్దాల కింద ఈ కరువు సీమలో అంత కచ్చితంగా ఆలోచించారు.

చెరువు కట్టినవాడు పోయినా చెరువు నిలవాలి కదా. దానికి దశబంధ మాన్యం అనే ఏర్పాటు ఉండేది. చెరువు గానీ, కాలువ గానీ బాగుచేసి చూసుకునేవాడికి కొంత భూమి ఇస్తారు. చెరువు చూసుకున్నంతకాలం భూమి అతనిది. గుడిలో దీపం పెట్టినందుకు దీపం మాన్యం, దారినపోయేవాళ్లకు నీళ్లు పోసినందుకు చలివేంద్రం మాన్యం, తలారికి తలారి మాన్యం. నిమిత్తమే ఆ భూమికి పేరు. నిమిత్తం తప్పితే పేరు మాత్రం మిగిలి, హక్కు పోతుంది.

1800లో నైజాం ఈ జిల్లాలను కుంఫిణీకి వదిలేశాడు. అప్పటినుంచి 1807 దాకా థామస్ మన్రో వీటికి ప్రిన్సిపల్ కలెక్టరు. కర్నూలు నవాబు చేతిలోనుంచి 1839లో పోయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఊరూరా మాన్యాలన్నీ విచారించింది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎందుకిచ్చారు, షరతు ఉందా లేదా అని గళ్లు గీసిన పెద్ద రిజిస్టర్లు తయారయ్యాయి. సొంత ఇనాములకు కొంత పన్ను కట్టించుకుని వాళ్ల సొంతమే చేశారు. దేవుడి పనికి, ధర్మానికి, నీటి పనికి ఇచ్చినవాటిని మాత్రం ఆ పని జరిగినంతకాలమే అనే కట్టడితో ఖాయం చేశారు. ఈనాటికీ కోర్టులో గుడి మాన్యం తగువు వస్తే ముందు అడిగేది ఆ ఇనాం రిజిస్టరు నకలే. నూట యాభై ఏండ్ల కింద ఆ 'ఎందుకు' అనే గడిలో ఏమి రాశారో దాన్నిబట్టే తీర్పు.

ఈ మాటలన్నీ ఇంగ్లీషులోకి దించడానికి తన సొమ్మూ ఆరోగ్యమూ ఖర్చుపెట్టిన మనిషి కూడా మా కడపలోనే తెలుగు దిద్దుకున్నాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820 ఆగస్టులో కలెక్టరు కింద ఉద్యోగిగా కడపకు వచ్చాడు. అర్జీదారుల మాట తెలియకపోతే న్యాయం చెప్పలేనని గుర్తించాడు. బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి అక్కడే కూర్చోబెట్టి, తాటాకు ప్రతులు తెప్పించి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన నిఘంటువు 1852లో వెలువడింది. 1854లో కచేరీల్లో వ్యవహారాల్లో తిరిగే అన్యభాషా పదాలకు వేరుగా ఇంకో నిఘంటువు తెచ్చాడు. 'దస్తావేజు', 'ఫైసలా', 'తనఖా' లాంటి మాటలతో బతికే నా వృత్తివాళ్లకు ఆ పుస్తకం ఎంత దగ్గరిదో చెప్పలేను. కడప ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుపట్టి నిలబెట్టిన సంస్థ అది. నా బల్ల దగ్గర సందేహం వచ్చిన మాట ఏదైనా ఉంటే, కడపకు పోయినప్పుడు అక్కడ కూర్చుని చూసుకుని వచ్చేవాణ్ణి.

క్రయపత్రంలో నిమిత్తం ఎందుకు రాస్తామో చట్టంలో కూడా కారణం ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో పెద్ద ఆస్తి అమ్మితే చిన్నపిల్లల వంతు కూడా పోతుంది. తగిన అవసరం ఉంటేనే ఆ అమ్మకం వాళ్లను కట్టివేస్తుంది. 1856లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ఈ సంగతి తేల్చింది. అప్పిచ్చేవాడు అవసరం నిజంగా ఉందా అని విచారించుకోవాలి. నిజాయితీగా విచారించుకుంటే చాలు, తర్వాత ఆ డబ్బు ఎట్లా ఖర్చయిందో అతను కాపలా కాయనక్కర్లేదు. అందుకే కొనేవాళ్లు "అవసరం గట్టిగా రాయి సామీ" అనేవాళ్లు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనూ నిమిత్తానికి అంతే బలం. వేరే ఒప్పందం లేనప్పుడు సేద్యం కోసమో ఫ్యాక్టరీ కోసమో ఇచ్చిన కౌలును రద్దు చేయాలంటే ఆరు నెలల నోటీసు కావాలి. ఇంకే పనికి ఇచ్చినా పదిహేను దినాలు చాలు. ఒక్క మాటతో మనిషి నిలబడే కాలం మారిపోతుంది.

నిమిత్తం మారిపోయిన పనులూ మా సీమలో ఉన్నాయి. కర్నూలు కడప కాలువ సంగతి చూడండి. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863, 1870 మధ్య తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, మూడు వందల కిలోమీటర్లకు పైగా తవ్వింది. అనుకున్న పని రెండు విధాలు: పైర్లకు నీళ్లు, సరుకులకు పడవలు. లాకులు కట్టారు. కంపెనీకి అనుకున్న రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. 1933తో పడవలు ఆగిపోయాయి. సేద్యం మిగిలింది. మా ఊరి వరి ఆ నీళ్లతోనే పండింది. కట్టినవాళ్ల లెక్కల పుస్తకంలో అది నష్టపు పద్దు, మా జేజి నోట అది అన్నం పెట్టిన కాలువ. పనికి పెట్టుకున్న గురి వేరు, దాని ప్రయోజనం వేరు అని నేను మొదట నేర్చుకున్నది ఆ గట్టు మీదే.

1894లో భూసేకరణ చట్టం వచ్చింది. అక్కడ ఇంగ్లీషు మాట 'పబ్లిక్ పర్పస్'. తెలుగులో 'ప్రజా ప్రయోజనం' అయింది. మామూలు అనువాదం లాగే కనిపిస్తుంది. ఇంగ్లీషులో అది ప్రభుత్వం ఎదుట పెట్టుకున్న గురి మాత్రమే. తెలుగులోకి వచ్చేసరికి మేలు అనే అర్థం కూడా తోడు వచ్చింది. ఒకసారి భూసేకరణ నోటీసు తెచ్చుకున్న రైతుకు మా నాయన 'ప్రజా ప్రయోజనార్థం' అని చదివి వినిపించాడు. ఆ రైతు అడిగాడు: "నేను ప్రజలో లేనా సామీ?" నాయన దగ్గర జవాబు లేదు. ఆ మాటలో రైతు విన్నది మాట ఇవ్వడం. చట్టం మాత్రం మాట ఇవ్వలేదు. ఫలానా భూమి ప్రజా ప్రయోజనానికి కావాలని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ప్రకటనే దానికి తిరుగులేని రుజువు అని ఆ చట్టం 6వ సెక్షన్ చెప్పింది. మాన్యం కాలంలో నిమిత్తం భూమి తీసుకున్నవాణ్ణి కట్టేసేది. ఈ చట్టంలో భూమి పోయేవాడే కట్టుబడిపోయాడు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట అనుకున్నది కరెంటు కోసం. నిల్వ నీళ్ల కింద కృష్ణ, తుంగభద్రల ఒడ్డున వందకు పైగా ఊళ్లు మునిగిపోయాయి. ఆ ఊళ్లు పోయిన సీమకే సేద్యపు నీళ్లు కావాలని, అది కేవలం కరెంటు ప్రాజెక్టు కాగూడదని రాయలసీమ ఏండ్ల తరబడి అడిగింది. తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ తర్వాత వచ్చాయి. మద్రాసు తాగునీటికి 15 టీఎంసీలు అందులోంచే పోవాలని ఒప్పందం. ఒక్క జలాశయంలో కరెంటు, సేద్యం, తాగునీళ్లు మూడూ కలిసి ఉన్నాయి. నీటి మట్టం తగ్గిన ప్రతిసారీ దేని కోసరం అనే ప్రశ్నే లేస్తుంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడు నదులు కలుస్తాయని చెప్పుకునే చోటు, వేపమాను లింగం. మునిగిన ఊళ్లవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి పోతారు. దర్శనార్థమే పోతారు. బురదలో నిలబడి, మన ఇల్లు అదో ఆ దిక్కున ఉండేది అని చూపిస్తారు.

2014 జనవరి 1 నుంచి అమలైన కొత్త కేంద్ర భూసేకరణ చట్టం ప్రజా ప్రయోజనం అంటే ఏవేవో పేర్లు పెట్టి చెప్పింది. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలంది. ప్రైవేటు కంపెనీకి అయితే నూటికి ఎనభైమంది ఒప్పుకోవాలంది. స్వాధీనం చేసుకున్నాక ఐదేండ్లు వాడకుండా పెట్టిన భూమిని పాత హక్కుదారుకో భూమి బ్యాంకుకో తిరిగి ఇవ్వాలని 101వ సెక్షన్‌లో రాశారు. ఆ సెక్షన్ చదివినప్పుడు నాకు దశబంధ మాన్యం గుర్తుకు వచ్చింది. చెప్పిన పని చేయకపోతే భూమి ఉంచుకోకూడదు అనే పాత నీతి, దారి తప్పి తిరిగి ఇంటికి వచ్చినట్టనిపించింది.

ఇప్పుడు దస్తావేజులు కంప్యూటరులో ముందే అచ్చయి ఉంటాయి. 'కుటుంబ అవసరముల నిమిత్తం' అని ఒకే వరుస అందరికీ. పేర్లు మార్చితే చాలు. కుర్ర లేఖరులకు నేను చెప్పేది ఒకటే. ఆ వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అమ్మే మనిషి మొహం చూసి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. ఆ ఒక్క వరుసలోనే ఆ మనిషి ఉంటాడు. మిగతాదంతా భూమి కొలతలే.

నేను బల్ల ఎత్తివేసే ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగమట. నాయన పోయి నెలయిందట. ఆయన పాత కాగితాల్లో ఒక దస్తావేజు నంబరు దొరికితే ఆఫీసులో నకలు తీయించుకుంది. చేతిరాత పాతది, కొన్ని మాటలు అర్థం కాలేదు, చదివి చెప్పమంది. అక్షరాలు చూడగానే నావే అని తెలిసింది. నాలుగు బోర్లు ఎండిపోగా, తన్నిమిత్తం చేసిన అప్పులు తీర్చుకొనుటకు గాను అని చదివాను.

ఆ అమ్మాయి ఇంకోసారి చదవమంది. చదివాను. "మా నాయన బోర్ల సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు సార్. ఊర్లో వాళ్లు వేరేగా అనేవాళ్లు" అంది. కాగితం మడిచి, ఆ వరుస పైకి కనబడేటట్టు పట్టుకుని, వేపచెట్టు నీడ దాటి ఎండలోకి నడిచిపోయింది.